మెమరీ సాలదు బావ

నిన్న పొద్దున పేపరు విప్పగానే మధ్యలోంచి ఒక రంగుల కాగితం జారి కాఫీ గ్లాసు మీద పడింది. కొత్త కంప్యూటర్ల ప్రకటన. ఇంట్లో వాడుకునేదానికి కూడా పదహారు జీబీ మెమరీ లేకపోతే రోజు గడవదన్నట్టు రాశారు. కళ్లజోడు పెట్టుకుని అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు కూడా చదివాను. మోసమనేది ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుందని నా నమ్మకం. చదివాక మాత్రం కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మెమరీ విషయంలో అనుమానపడే హక్కు నేను పోగొట్టుకుని నాలుగేళ్లయింది.

ఉద్యోగమంతా పోర్టులో టాలీ క్లర్కుగా చేశాను. ఓడ నుంచి దిగే బస్తాలు లెక్కపెట్టి సుద్దగీతలు గీయడం నా పని. ఆ పనిలో లారీ డ్రైవర్‌ని నమ్మకూడదు, కళాసీని నమ్మకూడదు, భోజనం చేసి వచ్చాక మన గీతల్ని మనం కూడా నమ్మకూడదు. రిటైరైన రోజు శాలువాతో పాటు ఆ గుణాన్ని కూడా మల్కాపురంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. పాలవాడు నా కళ్లెదుట కొలవాలి. గ్యాస్ బండ తూచి చూపించాలి. కూరగాయల బండివాడైతే నేను గుమ్మంలో కనబడితే మా వీధిలో ఆగకుండా వెళ్లిపోయేవాడు, దాన్ని కూడా నేను అనుమానించేవాణ్ణి.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మద్దిలపాలెంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మా ఇంట్లో కంప్యూటర్ అతను పెట్టిందే. నేను దాని మీద పేకాట ఆడుకునేవాణ్ణి. మా ఆవిడ దాన్ని ఒకే ఒక్క పనికి వాడేది. వాళ్లమ్మ, అంటే మా అత్త, ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది. నలభై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి, మోకాళ్లు పట్టేసి వరండాలో కూర్చుని గట్టిగా మాట్లాడుతూ ఉండేది. ఏ చేప ఏ నెలలో రుచి, ఎండబెట్టేటప్పుడు ఉప్పెంత, తుఫానుకి వెళ్లిన పడవ మూడో రోజుకీ రాకపోతే ఒడ్డున ఆడవాళ్లు ఏం చేశారు, ఇలాంటివన్నీ. మా ఆవిడ ఆ మాటల్ని ఫోన్లో రికార్డు చేసి, ఫోన్ నిండిపోకుండా కంప్యూటర్లో దాచేది.

ఆ రోజుల్లోనే కంప్యూటర్ నత్తనడక మొదలెట్టింది. బావమరిది వచ్చి, కాసేపు నొక్కి చూసి, తల ఆడించాడు. "మెమరీ సాలదు బావ. ఇంకో నాలుగు జీబీ ఏత్తే గాని కదల్దు." నేను అతని మొహంలోకి చూశాను. "ఏటి బావ అలా సూత్తన్నావ్? నా లాబం కోసం సెప్తన్నాననుకున్నావా?" సరిగ్గా అదే అనుకుంటున్నాను. పైగా నేను వీధి చివరికెళ్లి టీ తెచ్చేలోపు అతను జేబులోంచి ఒక నల్లపెట్టె తీసి కంప్యూటర్‌కి తగిలించాడు. నన్ను చూడగానే తీసి జేబులో వేసుకున్నాడు. ఏమిటని అడిగితే "ఏటీ నేదు బావ" అన్నాడు. పోర్టులో ఏమీ లేదన్నవాడి జేబే ముందు చూసేవాళ్లం. కొత్త మెమరీ వద్దని అతన్ని పంపేసి, కంప్యూటర్ మూత విప్పి, లోపలున్న మెమరీ ముక్క మీద మా ఆవిడ గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టాను. మార్చేస్తే దొరికిపోవాలని.

తర్వాత రెండు నెలలకి అత్త పోయింది. ఆ దుఃఖంలో కంప్యూటర్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వర్షాలు తగ్గాక ఒక మధ్యాహ్నం పేకాట మధ్యలో అది బిగుసుకుపోయింది. నా ఫోన్ కూడా అంతకుముందు మెమరీ నిండిందని మొరాయిస్తే, శుభోదయం బొమ్మలన్నీ తీసేశాను, గుర్రంలా పరిగెత్తింది. మరి దీనికి కొత్త మెమరీ కొనడమెందుకు, ఉన్నది ఖాళీ చేస్తే చాలదా? బావమరిది ఎత్తు చిత్తు చేశాననుకున్నాను. పెద్దపెద్ద ఫైళ్లు వెతికితే ఉత్త అంకెల పేర్లతో ఓ గుట్ట కనబడింది. అత్త మాటలైతే అమ్మ అని పేరుంటుంది కదా అనుకున్నాను. అయినా అనుమానం తీరక చివరిది తెరిచి విన్నాను. ఒక కాకి అరిచింది. గిన్నె చప్పుడైంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. పనికిరానిదని ఆపేసి, అన్నీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పని సగంలో వదలడం నాకు చేతకాదు.

కంప్యూటర్ ఎప్పటిలాగే పాకింది. ఆ ఆదివారం మా ఆవిడ దాని ముందు కూర్చుని, పైకీ కిందికీ వెతికింది. తర్వాత "మాయమ్మ మాటలేవి? ఏటి సేసీసినారు?" అంది. గొంతు పెంచలేదు. నేను బావమరిదికి ఫోన్ చేశాను.

బావమరిది పరుగున వచ్చి రెండు రోజులు వెతికాడు. పోయినవి దొరకలేదు. అప్పుడు జేబులోంచి ఆ నల్లపెట్టె తీశాడు. "ఆరోజే అమ్మ మాటలన్నీ ఇందులోకి ఎక్కించుకున్నాను బావ. అడిగితే నువ్వు సవాలచ్చ పెశ్నలేత్తావని సెప్పలేదు." తర్వాత నాకు ఓపిగ్గా విడమరిచాడు. "నువ్వు కాళీ సేసింది సామాన్ల కొట్టు. నాను సాలదన్నది వొంటింటి గట్టు. కొట్టు కాళీ సేత్తే గట్టు పెద్దదవుద్దా?" మూత విప్పి మెమరీ వేస్తుంటే గోళ్లరంగు చుక్క కనబడింది. నా వైపు ఒకసారి చూసి, దాని పక్కనే కొత్తది బిగించాడు. "మొత్తం ఎనిమిది జీబీ సేసినాను. మీ ఇంటికిది సాలు" అన్నాడు. ఇప్పటికీ అది చక్కగా పనిచేస్తోంది.

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. బావమరిది ఎక్కించుకున్న తర్వాతి వారం మా ఆవిడ ఇంకొకటి రికార్డు చేసింది. అదే చివరిది. అందులో వాళ్లమ్మ కూతురికి ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో మా ఆవిడకి సగమే గుర్తుంది, ఆసుపత్రి గొడవలో పడి మళ్లీ వినలేదు. నేను విన్నంతవరకు ఆవిడకి చెప్పేశాను. అందుకే అప్పుడప్పుడు వరండాలో కాకి అరిచినప్పుడు నన్ను అడుగుతుంది. "ఆ గొంతు సవరించుకున్నాక ఏటంది?" తెలియదంటాను. నమ్ముతుందో లేదో నాకు అనుమానమే.

తొందరలో పూర్తిగా వినకుండా ఆపేశానని అందామంటే అదీ అబద్ధమే. రిటైరైనవాణ్ణి, ఆ మధ్యాహ్నం సాయంత్రం దాకా నాకు వేరే పనేమీ లేదు.