లూసీ వేసిన ధననందుడు

అమెరికాలోని పిస్కాటవేలో తెలుగువాళ్ల ఇళ్లు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. 1982 ఉగాదికి చాణక్యుడి నాటకం వేయాలనుకున్నారు. రాసింది నరసింహ అనే ఇంజనీరు. చాణక్యుడి వేషం తనదేనని నాటకం రాయకముందే తేల్చేసుకున్నాడు. చంద్రగుప్తుడి వేషానికి ముగ్గురు పోటీ పడ్డారు. ధననందుడి వేషం మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. మగధను ఏలిన నందుల్లో ఆఖరివాడు, ప్రజలు ఛీకొట్టినవాడు, నిండు కొలువులో చాణక్యుణ్ణి అవమానించి రాజ్యం పోగొట్టుకున్నవాడు. పండక్కి వచ్చి జనం చేత తిట్టించుకోవడం ఎవరికి ఇష్టం? బతిమాలితే ఒప్పుకున్న ఒక్కాయన కూడా ఉద్యోగం మారి, సరిగ్గా నెలరోజులుందనగా క్యారీ అనే దూరపు ఊరికి వెళ్లిపోయాడు.

మాటలు అందివ్వడానికి వచ్చిన లూసీ, చేతిలో కాగితాలు పక్కన పెట్టి, "నేను వేస్తాను" అంది.

లూసీ అప్పటికి నలభై దాటిన మనిషి. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఆరేళ్లు చరిత్ర పాఠం చెప్పింది. భర్త దైవాశీర్వాదం మందుల కంపెనీలో కెమిస్టు. ఆయనతో వచ్చాక యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనిలో చేరింది. మనిషి పొడగరి. ఆదివారం ఆరాధనలో ఆమె పాట ఎత్తుకుంటే వెనక బెంచీలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు.

"ఆడవాళ్లకి రాజు వేషం ఏంటండీ?" అన్నాడు నరసింహ.

"మన ఊళ్లల్లో మగాళ్లు ఆడవేషాలు కడితే చూళ్లేదా? మీసం మాత్రం మీరు తెచ్చిపెట్టండి. మిగతాది నేను చూసుకుంటా."

శనివారాలు నరసింహ ఇంటి బేస్‌మెంట్‌లో రిహార్సల్స్. నందుడి కూతురి వేషం పదమూడేళ్ల విద్యది. పుట్టింది ఇక్కడే. "ఆంటీ, ఈ కింగ్ రియల్‌గా ఉందా?" అని అడిగింది.

"ఉన్నాడమ్మా. తోళ్ల మీద, జిగురు మీద, చెట్ల మీద, చివరికి రాళ్ల మీద కూడా పన్నేశాడని రాశారు. ఆ డబ్బంతా గంగ అడుగున దాచాడట. జైనుల కథలో అయితే, ఓడిపోయాక ఒక్క రథంలో పట్టినంత తీసుకుని పొమ్మని వదిలేస్తారు."

ఆ రథం సంగతి అందరికీ నచ్చి, నరసింహ దాన్ని చివరి రంగంగా రాసుకున్నాడు.

మూడో శనివారం కొలువు రంగం చదివారు. చాణక్యుడు జుట్టు విప్పుకుని శపథం చేస్తూ, "ఓరి మంగలి పుత్రా! కత్తి నూరుకోవాల్సిన చేతికి రాజదండమా?" అంటాడు. బేస్‌మెంట్ అంతా గొల్లున నవ్వింది. లూసీ తన తరవాతి మాట చదవకుండా కాగితం దించింది.

"నరసింహ గారూ, ఈ మాట ఎందుకు పెట్టారు?"

"చరిత్రేగా లూసీ గారూ. మీ చరిత్ర పుస్తకాల్లో గ్రీకు వాళ్లే రాశారుగా, మంగలి కొడుకని, అందుకే జనం అసహ్యించుకున్నారని."

"రాశారు. విన్నది రాసుకున్నారు. నందుడు మంచోడని నేను అనట్లేదు. చెడ్డోడే. కానీ ఆ చెడ్డతనం అతనిది, వాళ్ల నాన్న చేసిన పనిది కాదు."

"ఆడియెన్స్ క్లాప్స్ కొట్టేది ఆ డైలాగ్‌కేనండీ. తీసేస్తే సీన్ పడిపోద్ది."

లూసీ పెన్ను తీసింది. "అయితే ఉంచండి. కానీ నందుడికి ఒక జవాబు ఉంటది. అది నేను రాసుకుంటా."

నరసింహ ఒప్పుకున్నాడు. ఓడిపోయే రాజు ఏం మాట్లాడితే ఏమవుతుంది అనుకున్నాడు.

ఇంటికి వెళ్తుంటే కారులో దైవాశీర్వాదం నెమ్మదిగా అన్నాడు. "మనమెవరమో వాళ్లకి గుర్తు చేయడం ఎందుకు లూసీ?"

"వాళ్లు మర్చిపోయారనుకుంటున్నారా ఏంటండీ?" అంది లూసీ. ఆమె తాత రేపల్లె దగ్గర తోళ్లు పదును చేసి బతికినవాడు. తండ్రి మిషన్ బడిలో పంతులు. ఈ రెంటిలో ఏదీ ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. మర్నాడు దైవాశీర్వాదం తనే కూర్చుని ఆమెకు అట్టతో కిరీటం చేసిపెట్టాడు.

ఉగాదినాడు చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లు కూడా రావడంతో, అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియం నిండిపోయింది. మీసం, కిరీటం పెట్టుకుని లూసీ సింహాసనం మీద కూర్చుంటే సగం మంది ఆమెను గుర్తుపట్టలేదు. పన్నులు పెంచిన రంగంలో ఎంత క్రూరంగా చేసిందంటే, ముందు వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. కొలువు రంగం వచ్చింది. నరసింహ జుట్టు విదిలించి ఆ మాట అన్నాడు. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది.

లూసీ నవ్వు ఆగేదాకా ఆగింది. సింహాసనం దిగి నడిచి వచ్చి, చాణక్యుడికి ఎదురుగా నిలబడింది.

"నా తండ్రి గడ్డాలు గీసి బతికాడు బ్రాహ్మణుడా! జనం చర్మం ఒలిచినవాణ్ణి నేను. శపిస్తే నన్ను శపించు. ఆయన జోలికి పోకు."

నరసింహ తన తరవాతి మాట తడబడుతూ చెప్పాడు. ఆ జవాబుకి చప్పట్లు పడలేదు గాని, ఇంతసేపూ నందుణ్ణి చూసి నవ్వినవాళ్లు ఇక నవ్వడం మానేశారు.

చివరి రంగంలో స్కూలువాళ్ల చక్రాల బల్లకి పట్టుచీర కప్పి రథం చేశారు. నందుడు బంగారు బిందె ఎక్కించాడు, దించాడు, మళ్లీ ఎక్కించాడు. జనంలో ఒక్కరైనా ఆపడానికి వస్తారేమోనని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ రాలేదు. "నాన్నగారు, మనం ఎక్కడ వెళ్తాం?" అని విద్య తన అమెరికా యాసలో అడిగింది. మామూలుగా అయితే హాలు నవ్వాల్సిందే. లూసీ తలదించుకుని బల్లని తనే తోసుకుంటూ వెళ్లింది. అప్పుడు పడ్డాయి చప్పట్లు.

మర్నాడు కమిటీకి రెండు ఫోన్లు వచ్చాయి, పండగపూట కులాల గొడవ ఎందుకని. నరసింహే వాటికి సమాధానం చెప్పాడు. "కులం మాట ఎత్తింది నేను, ఆవిడ కాదు" అన్నాడు.

1984లో అట్లాంటా తెలుగువాళ్లు నాటకానికి పిలిచినప్పుడు ఆయనే లూసీకి ఫోన్ చేశాడు. "నా డైలాగ్ తీసేద్దామండీ. నాకే బాగోలేదు."

"వద్దండీ" అంది లూసీ. "ఆ మాటకి జవాబు దొరికింది కదా. ఇప్పుడు అది ఉండాలి."

మొత్తం మీద ఆ వేషం ఆమె ఐదుసార్లు కట్టింది. ఎనభై ఏడులో మోకాళ్ల నొప్పులొచ్చి మానేసి, లైబ్రరీలో ఒక గది అడిగి తీసుకుని, శనివారాలు పిల్లలకు చరిత్ర చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. అశోకుడితో మొదలుపెట్టమని తల్లిదండ్రులు అడిగారు. లూసీ ఓడిపోయినవాళ్లతో మొదలుపెట్టింది.