మిల్లు గేటు దాకా

బజారుకు కాగితం మిల్లు వీధే దగ్గర దారి. అయినా ఆ టైలరమ్మ ఏళ్ల తరబడి చుట్టు తిరిగే వెళ్లేది. ఆ మిల్లులోనే ఆమె భర్త చొక్కా చెయ్యి రోలర్ల మధ్య చిక్కుకుంది. చొక్కాతో పాటు మనిషీ పోయాడు. అప్పటికి కూతురికి ఊహ కూడా సరిగా తెలీదు.

ఆ కూతురు ఇప్పుడు ఇంజనీరింగ్‌లో సీటు తెచ్చుకుంది. కొన్ని నెలలు క్లాసులు, మరికొన్ని నెలలు ఫ్యాక్టరీలో పని, మళ్లీ క్లాసులు, అలా సాగే చదువు అది. కుట్టుమిషను మీద గడిచే ఇల్లు కాబట్టి స్కాలర్‌షిప్ లేనిదే అడుగు ముందుకు పడదు. అదీ వచ్చింది. తల్లి మిషను ఆపి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఎవరే తల్లీ, ఇస్తున్నది?"

పిల్ల తల దించుకుంది. "మిల్లువాళ్లమ్మా. పని చేయాల్సిందీ అక్కడే."

తల్లి పిల్లను వదిలేసింది. "వద్దు. ఇంకే చదువైనా చదువు. మీ నాన్నను మింగిన చోటికి నిన్ను నా చేతులతో పంపనా?"

"చెరువు మీద అలిగితే ఎవరికమ్మా నష్టం?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదమ్మా. నాన్న ఎలా పోయాడంటే అందరూ 'మిల్లులో' అని ఊరుకుంటారు. ఆ రోలరేమిటో, ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఒక్కసారి చూడాలనుంది."

ఆ రోలర్‌ను తల్లీ ఎన్నడూ చూడలేదు.

కొన్నాళ్లు ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. చివరికి ఒక పొద్దున తల్లే అడిగింది, "అక్కడ ఏం బట్టలు వేసుకోవాలి?" అని. మిల్లు ఇచ్చిన యూనిఫాం కుట్లు విప్పి, చేతులు బిగుతు చేసింది. నడుం దగ్గర వేలాడే పట్టీ కత్తిరించి పారేసింది. ఎక్కడా వదులుగా ఒక్క అంచు మిగలనివ్వలేదు.

మొదటిరోజు గేటు దాకా తనూ నడిచింది. అక్కడున్న ఫోర్‌మన్ ఒకప్పుడు ఆమె భర్తతో కలిసి పనిచేసినవాడు. జుట్టంతా నెరిసింది. ఆమెను చూసి నిలబడిపోయాడు.

"చెల్లెమ్మా, నువ్వా!"

"అన్నయ్యా, నాకా రోలర్ చూపించు."

అతను లోపలికెళ్లి మేనేజరును అడిగి వచ్చి, తల్లీకూతుళ్లిద్దరినీ తీసుకెళ్లాడు. ఇనుప జాలీ వెనక రోలర్లు తిరుగుతున్నాయి. వాటి మధ్య నుంచి తడి కాగితం తెల్లగా సాగివస్తోంది.

"ఈ జాలీ ఎప్పుడు పెట్టారు?"

"ఆ తర్వాతే, చెల్లెమ్మా."

"ముందే పెట్టి ఉంటే..."

ఆమె జాలీ మీద చెయ్యి వేసింది. మిషను అదురు మోచేతి దాకా పాకింది. అన్నేళ్లూ దాచుకున్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆ హోరులో ఆమె ఏడుపు ఎవరికీ వినబడలేదు. కూతురు వచ్చి భుజం పట్టుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

చదువు పూర్తయ్యాక మిల్లువాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. పిల్ల మాత్రం దూరపు ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీని ఎంచుకుంది. బస్సెక్కిస్తూ తల్లి ఒక్కటే అడిగింది.

"అక్కడి మిషన్లు చూశావా?"

"ముందు అవే చూశానమ్మా."

"అయితే వెళ్లిరా" అని సంచీ కిటికీలోంచి అందించింది.