చెక్కనేల మీద అడుగులు

బూట్ల మేస్త్రీ ఈ వయసులో ఎవరినో తెచ్చి కొట్టులో పెట్టుకున్నాడట. మాట పుట్టింది ఇస్త్రీ బండి దగ్గర. పొద్దుగూకే వేళకి ఆయన కొట్టులోంచి ఆడమనిషి గొంతు వినిపిస్తోందట. గొంతొక్కటే అయితే రేడియో అనుకోవచ్చు, అడుగుల చప్పుడు కూడానట! మాట మందుల షాపు చేరేసరికి ఇద్దరికీ పెళ్లయిపోయింది. మేస్త్రీ చెల్లెలి చెవిన పడేసరికి ఆ కొత్తావిడకి ముందే ఇద్దరు పిల్లలున్నారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పేదో తెలియాలంటే మేస్త్రీ పనేమిటో తెలియాలి.

ఆయన అందరికీ బూట్లు కుట్టడు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి, మడమ విరిగి అతికినవాళ్లకి, పాదం వంకర తిరిగినవాళ్లకి కుడతాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు కాలు చూడడు. గోడవైపు తిరిగి కూర్చుని, "కాస్త అటూ ఇటూ నడవండి" అంటాడు. కొట్టులోది చెక్కనేల. కళ్లు మూసుకుని, ఏ అడుగు బరువుగా పడుతోందో, ఏది ఈడుస్తోందో వింటాడు. మనం చూస్తూ ఉంటే మనిషి బాగా నడవాలని చూస్తాడు, వీపు చూపిస్తే తన నడక తను నడుస్తాడు అని ఆయన నమ్మకం. కొలతలు ఆ తర్వాతే.

ఇది ఆయనకి ఎవరూ నేర్పలేదు. భార్యకి కుడికాలు పొట్టి. వంటింట్లోంచి కొట్టులోకి వచ్చే ఆమె అడుగులు వినీ వినీ పట్టుబడింది. ఆమె పోయాక ఆ చెక్కనేల మీద ఆయన అడుగులే మిగిలాయి. పాత ఖాతాదారుల్లో కొందరు ఊరు మారారు, కొందరు లోకమే మారారు. కొత్తవాళ్లకి కొట్టు ఉన్నట్టే తెలియదు.

"అన్నయ్యా, జనం ఇప్పుడు వీధుల్లో వెతకట్లేదు. ఫోన్లో వెతుకుతున్నారు. ఒక ప్రకటన ఇచ్చి చూడు," అంది చెల్లెలు. "కాదంటావా, కొట్టుకి తాళం వేసి మా మేడ మీద గదిలోకి వచ్చెయ్."

మేడ మీద గది అంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. మంచం పడుతుంది, కుర్చీ పడుతుంది. బూట్లు కుట్టడానికి వాడే పాదాల చెక్క అచ్చులు పట్టవు. ఆయన దగ్గరున్న డబ్బు ఒక్క ప్రయత్నానికే సరిపోతుంది. గురి తప్పితే మేడ మీద గదే.

చెల్లెలే ఆయన్ని ఒక ప్రకటనల ఏజెన్సీకి తీసుకెళ్లింది. అద్దాల గది, పొడుగాటి బల్ల, బల్ల చుట్టూ కుర్రవాళ్లు. అందరూ మర్యాదస్తులే. కాఫీ ఇచ్చారు, ఆయన మాట మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. బొమ్మలొకరు చేస్తారట, మాటలొకరు రాస్తారట, ఎవరికి చూపించాలో లెక్కలొకరు వేస్తారట.

"సైజు నొక్కగానే ఆర్డరు వచ్చేస్తుంది సర్. ఈ దేశం ఆ దేశం అని లేదు, ఎక్కడి నుంచైనా!"

"మరి నడక?"

"ఏం నడక సర్?"

మేస్త్రీ చెప్పబోతూ చుట్టూ చూశాడు. అప్పుడే గమనించాడు. ఇంతమంది లేస్తున్నారు, వెళుతున్నారు, వస్తున్నారు. ఒక్కరి అడుగూ వినిపించడం లేదు. నేలంతా మెత్తటి తివాచీ.

ప్రకటనలు చేసే ఇంకో మనిషి గురించి మందుల షాపాయన చెప్పాడు. ఏ కంపెనీలోనూ చేరకుండా ఇంట్లో కూర్చుని ఇలాంటి పనులే చేస్తుందట, ఫ్రీలాన్సర్ అంటారట. వేరే ఊరు. మేస్త్రీ చేతుల్లో తోలూ, దాన్ని కుట్టే ఆరే ఉండటంతో ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల ఆమె కూడా అలాగే ఉంచి గదిలో తిరుగుతూ మాట్లాడుతున్నట్టుంది. దగ్గరవుతూ, దూరమవుతూ, అడుగులు.

"మేస్త్రీగారూ, మీ బూట్లు మొదటిసారి తొడుక్కోగానే మనుషులు ఏమంటారు?"

"ఏమీ అనరమ్మా. లేచి కిటికీ దాకా నడుస్తారు. వెనక్కి వస్తారు. మళ్లీ ఊరికే ఇంకోసారి నడుస్తారు."

అవతల అడుగులు ఆగిపోయాయి. "అయితే బొమ్మ వద్దు. ఆ నడకే వినిపిద్దాం."

చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఒంటి మనిషిని నమ్ముకుంటావా? రేపు ఆ పిల్లకి జ్వరమొస్తే నీ పని ఎవరు చూస్తారు?"

"నాకు జ్వరమొస్తే నా పని ఎవరు చూస్తున్నారే?"

 ఏజెన్సీ వద్దని అలా తేలిపోయింది.

అప్పటి నుంచి సాయంత్రాలు ఫోను మోగేది. పాత ఖాతాదారులొకరిద్దరు వచ్చి చెక్కనేల మీద పాత చెప్పులతో ఒకసారి, కుట్టిన బూట్లతో ఒకసారి నడిచారు. ఆ రెండు చప్పుళ్లే ప్రకటన. కింద ఒక్క మాట: మీ నడక పంపండి. పని ఎంతవరకూ వచ్చిందో చెప్పడానికి ఆమె ఫోన్ చేసేది. చెప్పడం అయ్యాక వానల గురించో, కూరగాయల ధరల గురించో మాట సాగేది. ఫోను మోగే వేళకి మేస్త్రీ చొక్కా మార్చుకోవడం మొదలెట్టాడు. ఇస్త్రీ ఆయన కంట పడింది అదే.

ప్రకటన వెళ్లింది. జనం పోటెత్తి రాలేదు కానీ ఆగకుండా వచ్చారు. ఎవరెవరో తమ గదుల్లో నడిచి ఆ చప్పుడు పంపేవారు, ఆ వెనకే తామూ వచ్చేవారు. పాదాల అచ్చులు మళ్లీ గోడ మీంచి పనిలోకి దిగాయి. కొట్టు నిలబడింది.

ఆ సంతోషంలో ఒకనాడు ఆయన నోరు జారాడు. "అమ్మా, నీ అడుగులు వింటున్నాగా, ఒక కాలు పొట్టి కదూ? పాదాల గీతలు పంపు, నేను కుడతాను."

అవతల అడుగులు ఆగాయి. 

"నాతో పని చేసేవాళ్లెవరికీ తెలియదు మేస్త్రీగారూ," అందామె. "తెలియకూడదనే ఇంట్లో ఉండి చేస్తాను." ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత సాయంత్రాలు ఫోను మోగలేదు. ఆయన చొక్కా మార్చుకుని కూర్చునేవాడు. తనంత తెలివితక్కువవాడు లేడని తిట్టుకునేవాడు. కొన్నాళ్లకి ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం ముక్క కూడా లేదు. కాగితం మీద పెన్సిలుతో గీసిన రెండు పాదాలు, పక్కన ఏ కాలు ఎంత పొట్టో కొలత. ఆయన వచ్చిన పనులన్నీ పక్కన పెట్టి కుట్టి పంపాడు.

ఒక సాయంత్రం మళ్లీ మోగింది.

"వినండి మేస్త్రీగారూ," అందామె. నడిచింది. కిటికీ దాకా కాబోలు. వెనక్కి వచ్చింది. మళ్లీ ఊరికే ఇంకోసారి నడిచింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. రెండు అడుగులూ ఒకేలా పడుతున్నాయి. ఏ లోపమూ లేదు. ఇన్ని సాయంత్రాలు తను ఎదురుచూసిన నడక అందులో లేదు. వీధిలో ఎవరైనా అలాగే నడుస్తారు.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా. చాలా బాగుంది."

ప్రకటన ఇక దాని పని అది చేసుకుంటుందనీ, తనతో రోజూ పని ఉండదనీ చెప్పింది ఆమె. బయట ఒక ఆఫీసులో పనికి రమ్మన్నారట, వెళ్లి చూద్దామనుకుంటోందట. "వెళ్లమ్మా, తప్పకుండా వెళ్లు" అన్నాడాయన.

ఇప్పుడు సాయంత్రాలు కొట్టులో ఆరె చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆవిడ మేస్త్రీని వదిలేసి పోయిందని ఇస్త్రీ బండి దగ్గర తేల్చేశారు. పాపం, ఈ వయసులో అని జాలిపడుతున్నారు కూడా.

ఆమె ఆ కొట్టుకి ఎన్నడూ రాలేదు. ఆ చెక్కనేల మీద ఆమె అడుగు ఒక్కటీ పడలేదు.