బదులు మనిషిని ఒప్పుకోని సరళక్క

నిన్న మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, సరళక్క మళ్ళీ ఎవరితోనో గొడవ పెట్టుకుందనుకున్నాను.

పోయిందట. గుండెపోటు.

బీపీ మాత్రలు వేసుకోవే తల్లీ అంటే వినేది కాదు. ఇప్పుడు ఎవరి మీద అరవాలి?

పొద్దున్నుంచి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరూ "ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి" అని పెడుతున్నారు. ఏ సరళక్క గురించండీ? నాకు తెలిసిన నర్సు సరళక్క మా సర్వే టీమ్ మొత్తాన్నీ కాల్చుకు తినేది.

పందొమ్మిది వందల అరవైల చివర్లో, ఈ తీరంలోనే నౌపడలో పుట్టిన మనిషి. నాకంటే బాగా పెద్ద.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఈ తీరం ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకు ఉందో అంచనా వేయడం మా పని. కంప్యూటర్ లాటరీలా పేర్లు తీస్తుంది. ఆ పేరున్న మనిషి దగ్గరే శాంపిల్ తీసుకోవాలి. శాంపిల్స్ ఆవిడవి, లెక్కలు నావి.

మనవాళ్ళకి అదెక్కడ కుదురుతుంది? పేరొచ్చిన కోడలు ఉప్పు మడుల్లో పనికి పోతే, ఇంట్లో ఉన్న తోటికోడలు వచ్చి కూర్చుంటుంది. ఇంటికొకరు చాలదా అని!

భావనపాడులో పేరొచ్చిన ఒకావిడ అలాగే అడ్డం తిరిగింది. "నాకు సిగ్గెయ్యదేటి? మా తోటికోడలిది తీసుకో. ఒకింటోలమే కదా!"

ఎండకి నా తల పగిలిపోతోంది. "ఆవిడదే తీసేసుకుందాం అక్కా" అన్నాను.

సరళక్క నా వైపు కూడా చూడలేదు. "ఒసే, ఒద్దంటే ఎల్లిపోతాను గానీ, నీ పెళ్ళికి పీటల మీద నీ బదులు ఇది కూకుందేటే?"

వాకిలంతా నవ్వులు. "ఆ బావని నాకొద్దు తల్లీ!" అంది తోటికోడలు. సిగ్గుపడ్డావిడ నవ్వుకుంటూనే తెర వెనక్కి నడిచింది.

జీపులో పోట్లాడాను. ఒక్క మనిషితో అంకె ఏం మారుతుంది?

"ఒచ్చినోల్లనే లెక్కెడితే దాక్కున్నోల్లకి రోగం నేదనా? అంకె తక్కువొస్తే ఇక్కడ పరీక్షలే అక్కర్నేదంటారు. ట్రైనింగులో నువ్వే కదా సెప్పినావు!"

నా పాఠం నాకే అప్పజెప్పేది. ఒళ్ళు మండేది.

భావనపాడులో పేర్లొచ్చినవాళ్ళు ఇంకా ఇద్దరు మిగిలారు. వెళ్ళిన ప్రతిసారీ తలుపేసుకున్నవాళ్ళు. ఈ ఉదయం పైనుంచి మెసేజ్: సరళ గారికి సంతాపం, ఆ ఇద్దరికి బదులు పక్కిళ్ళవాళ్ళవి తీసి ముగించండి. రెండూ ఒకే మెసేజ్‌లో!

కుదరదని రాశాను.

సోమవారం కొత్త నర్సుతో నేనే వెళ్తున్నాను అక్కా. నాకు నీలా నవ్వించడం రాదు. తలుపు తీస్తారో లేదో తెలీదు. తీయకపోతే లెక్కలో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచుతాను.

వెళ్ళిరా. ఇంక ఎవరి గుమ్మం ముందూ ఎండలో నిలబడక్కర్లేదు. ప్రశాంతంగా ఉండడం నీకెప్పుడూ చేతకాలేదు, అక్కడైనా నేర్చుకో.