చిన్న అంకె ఉన్న కార్డు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. వన్ టౌన్‌లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఉద్యోగంలో ఉండగా, మధ్యాహ్నం మా ఓనరుగారు భోజనానికి వెళ్లగానే స్టూడియో కంప్యూటర్‌లో విమానం నడిపేదాన్ని. ఆటే. కానీ అందులో మన ఊరి రన్‌వే ఉండేది. కొండల పోలిక సరిగ్గా కుదరలేదు, ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. అయినా పొద్దున భీమిలి బస్సు కిటికీలోంచి చూసిన తీరాన్ని మధ్యాహ్నం పైనుంచి చూడటం నాకొక్కదానికే తెలిసిన సుఖం.

ఆ కంప్యూటర్‌కే ఓపిక అయిపోయింది. వధూవరుల ఫోటో మీద పూలరేకులు రాలే ఎఫెక్టు పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. పెళ్లివాళ్లు నా వెనకాలే కుర్చీలు వేసుకుని కూర్చుని "మా మేనత్త పడలేదు, ఆవిడ్ని పెట్టండి" అంటుంటే, ప్రతి మార్పుకీ అందరం తెరకేసి చూస్తూ కూర్చోవాల్సిందే. లోపం నా చేతిలోనే ఉందనుకున్నారు ఓనరుగారు. విజయవాడ నుంచి ఎవరో ఎడిటర్ని పిలిపిస్తాననీ, నన్ను ఆల్బమ్‌ల మీద పేర్లు రాసే పనిలో పెడతాననీ అన్నారు.

ఎవరికీ ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు మాత్రం నోరు పెగిలింది. "తెర మీద బొమ్మని కదిలించే గ్రాఫిక్స్ కార్డు మార్చి చూడండి సార్. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ కుర్చీలోంచి నేనే లేస్తాను."

మర్నాడే డాబా గార్డెన్స్‌లోని కంప్యూటర్ షాపుకి వెళ్లాం. షాపాయన రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద కత్తి పట్టిన రాక్షసుడు, పక్కన 256 ఎంబీ అని బంగారు రంగు అంకెలు. రెండోదాని మీద బొమ్మే లేదు, 128 ఎంబీ అని మాత్రం ఉంది. ధర ఇంచుమించు ఒకటే.

"ఇందులో ఆలోసించడానికేటుందమ్మా?" అని నవ్వారు ఓనరుగారు. "ఏది పెద్దదో సిన్నపిల్లలకీ తెలుస్తాది."

పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్న కంప్యూటర్ పత్రికల్లోంచి రాసుకున్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. రాక్షసుడి పెట్టె తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న '64 బిట్' చూపించాను. రెండోదాని మీద అదే చోట '128 బిట్' అని ఉంది.

"పోర్టులో యార్డు ఎంత పెద్దదైనా గేటు ఇరుకైతే లారీలు బారులు తీరవా సార్? ఈ పెద్ద కార్డుకి గేటు సగమే."

"మేడమ్‌గారు బాగానే చదివారు" అన్నాడు షాపాయన వెటకారంగా.

"మాటలెందుకు బావా, రెండూ పెట్టి సూపించు" అన్నారు ఓనరుగారు.

చూపించడానికి షాపులో ఉన్నది విమానం ఆట ఒక్కటే. షాపాయన ముందు పెద్ద అంకె కార్డు బిగించి తనే కూర్చున్నాడు. విమానం లేచీ లేవగానే ముక్కు కిందకి వేసి సముద్రంలో దూకింది.

"ఏటి బావా, సేపలకెల్లేవా?" అన్నారు ఓనరుగారు. ప్రింటర్ కొనడానికొచ్చినవాళ్లు కూడా పగలబడి నవ్వారు.

"నేను నడపనా?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అడిగాను.

ఊరి మీదుగా ఎడమకి తిప్పాను. మబ్బులు అడ్డం రాగానే బొమ్మ గంతులు వేసింది. దిగేటప్పుడు రన్‌వే ఒకసారి దూరంగా, మరుక్షణం మీదకొచ్చినట్టు కనబడింది. చక్రాలు ఎగిరెగిరి ఆగాయి. షాపాయన కార్డు మార్చాడు. అవే మబ్బులు, అదే మలుపు. ఈసారి ఊరు నింపాదిగా ఒక పక్కకి ఒరిగింది. రన్‌వే మీది తెల్ల గీతలు ఒక్కొక్కటే నా కిందకి జారాయి. ఎక్కడ ఆగాలనుకున్నానో అక్కడే ఆపాను. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఎక్కడ నేర్సుకున్నావమ్మా?" అన్నారు ఓనరుగారు.

"పుస్తకంలో చదివాను సార్." తలెత్తకుండా అబద్ధమాడాను. చెప్పాల్సిన నిజం ఇంకొకటుంది, అది మాత్రం చెప్పాను: డీవీడీ తయారవడానికి పట్టే టైము ఈ కార్డుతో పెద్దగా తగ్గదు, ఎఫెక్టులు మాత్రం ఆగకుండా కదులుతాయి, పెళ్లి పార్టీని పక్కనే కూర్చోబెట్టుకుని పని చెయ్యొచ్చు.

"నాకు కావాల్సింది అదే" అని ఓనరుగారు షాపాయన వైపు తిరిగారు. "బొమ్మ లేనిదే కట్టు బావా."

మర్నాడు జాలరిపేట నుంచి పెళ్లికూతురివాళ్లు ఆరుగురొచ్చారు. కొత్త కార్డుతో పూలరేకులు రాల్చాను. ఒక్క రేకూ మధ్యలో ఆగలేదు. "మళ్లీ ఎయ్యమ్మా" అంది పెళ్లికూతురి పిన్ని. మళ్లీ వేశాను. మేనమామని చేర్చాను, కరెంటు పోయినప్పటి ముక్క తీసేశాను, అప్పగింతలు రెండు నిమిషాలు పెంచాను. ఒంటిగంటకల్లా వాళ్లు "బాగుంది" అనుకుంటూ లేచారు.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన ఓనరుగారు లోపలికెళ్లి విజయవాడకి ఫోన్ చేసి, రానక్కర్లేదని చెప్పారు. తిరిగొచ్చి నా వెనక ఇంకెన్ని కుర్చీలు పడతాయోనని చూశారు.

"రేపు అనకాపల్లి పార్టీ పదిమంది వత్తన్నారంట. నీ కుర్చీ కాస్త ముందుకి లాక్కోమ్మా."