పోలమ్మ పిన్ని పెట్టించిన గుర్తు

మొన్న రక్తపరీక్షకు వెళ్తే నర్సు స్పిరిట్ దూదితో నా మోచేతి మడత తుడిచింది. ఆ ఘాటు వాసనకు నా ముఖం వేడెక్కింది. ఇన్నేళ్లయినా అంతే. భోగాపురం అవతలి సముద్రపు ఒడ్డున రేకుల షెడ్డూ, పోలమ్మ పిన్నీ కళ్లముందుకొస్తారు.

మాది శృంగవరపుకోట. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా పుస్తకాల్లోదే. చదువయ్యాక ఒక పరిశోధనశాలలో చేరాను. గుర్రపుడెక్క పీతల నీలిరంగు రక్తం సూక్ష్మజీవుల విషం తగిలితే గడ్డకడుతుంది. సెలైన్లు, ఇంజెక్షన్లు శుభ్రంగా ఉన్నాయో లేదో తేల్చే పరీక్షకు అదే ఆధారం. రక్తం తీశాక పీతలు చచ్చిపోకుండా చూసే పద్ధతి కనిపెట్టడం మా పని. అటవీశాఖ అనుమతితో, వలల్లో చిక్కిన పీతలను ఒడ్డునున్న మా షెడ్డుకు తెచ్చిచ్చేది పోలమ్మ పిన్ని. చేపలమ్ముకుని బతికే మనిషి.

మొదటిరోజే నేను ఒక పీతను తోక పట్టుకుని ఎత్తాను. పిన్ని నా చేతిమీద ఒక్కటేసింది.

"ఓలమ్మా, తోకట్టుకుని లేపుతావేటి? ఎల్లకిలా పడితే దాంతోనే లేస్తాది. అది ఇరిగితే ఇంకేటున్నాది దానికి?"

రెండు చేతులూ డిప్ప కింద పెట్టి ఎత్తడం, నీడలో తడిగోనె కప్పడం, పట్టిన చోటే సాయంత్రానికల్లా వదలడం ఆమే నేర్పింది. చావులు తగ్గాయి. "నెత్తురిచ్చినదాన్ని బాలింతని సూసినట్టు సూడాల. గురుతెట్టు పాపా, మళ్లీ పొడవకు" అంది. అప్పటినుంచి డిప్పమీద మార్కర్‌తో గీత గీసేవాళ్లం.

ఒకరోజు సాయంత్రానికి నమూనాలు కావాలని పై అధికారి ఫోన్ చేశాడు. ఆ పూట వచ్చిన పీతల్లో ఏడింటికి గీత ఉంది; మిగిలినవి చాలవు. పిన్ని చేపలమ్మడానికి వెళ్లింది. స్పిరిట్‌తో గీతలు తుడిచి, వాటికీ సూది గుచ్చాను.

పొద్దువాలేవేళ పీతలను నీళ్లలో వదలడానికి ఆమె వచ్చేసరికి నాలుగు కదలడం లేదు. ఒకదాన్ని తిప్పి చూసింది.

"ఈ సొట్టడిప్పదానికి గురుతుండాల. ఏదీ?"

"నీళ్లకు పోయుంటుంది పిన్నీ."

"నోరున్నదానివి, ఏటైనా సెప్తావు. దానికి నోరు నేదు" అంది. బతికినవాటిని సముద్రంలో వదిలి, చచ్చినవాటిని ఇసుకలో పాతిపెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వేడికి చచ్చిపోయాయని నివేదికలో రాశాను. తడిగోనె, గీత మా పద్ధతిగా మెప్పు పొందాయి. పిన్ని పేరు ఎక్కడా లేదు.

రెండేళ్లు పట్టింది నాకు. తప్పు ఒప్పుకుంటూ అధికారికి ఉత్తరం రాసి, ఆమె దగ్గరికెళ్లాను. ఎండుచేపలు తిరగేస్తోంది.

"నేనే తుడిచాను పిన్నీ."

"ఎరుగుదును."

"మరి అప్పుడే నిలదీయలేదేం?"

"నీ నోటంట వస్తాదని సూసినాను."

క్షమించానని అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. నివేదికను సరిదిద్దించి ఆమె పేరు చేర్పించాను గానీ, ఆమె కాచుకున్న ఆ రెండేళ్లను ఏం చేయను? ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు నన్ను నిజాయితీగల మనిషంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను వాళ్ల కళ్లలోకి చూడలేను.