‘దా’ అని విన్నాను

హాలియా దగ్గర మా ఊరికి కాలువ నీళ్లు వచ్చాయంటే అందరికీ ఒకేసారి నాట్లు. కూలీలు దొరకరు. ఆ యాసంగికి బెంగాల్ నుంచి వచ్చిన పన్నెండుమంది మగవాళ్ల ముఠాను నేనూ మాట్లాడుకున్నాను. రిటైరైన తెలుగు పంతుల్ని. మూడెకరాల పొలం, ముప్ఫై ఏళ్ల వ్యాకరణం నా ఆస్తి. మొదటిదానికి అప్పుడప్పుడు దిగుబడి ఉంటుంది.

మా దగ్గర నాట్లు ఆడవాళ్ల పని. మగవాళ్లు వంగి నాటడం వింతగా తోచింది. అంత వేగంగా నాటడం చూస్తే అనుమానం వచ్చింది. ఇంత పనిమంతులకు వాళ్ల ఊళ్లో పనెందుకు లేదు? నీళ్లు చూసే వంకతో గట్టు మీద తిరిగాను. వాళ్లు నవ్వితే నన్ను చూసే అనుకున్నాను. నవ్వకపోతే ఏదో దాస్తున్నారనుకున్నాను.

అదే వారం పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కూలీల వేషంలో తిరుగుతున్నారని ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అందులో ఆరు అక్షరదోషాలున్నాయి. వాటిని దిద్ది, ‘ఎందుకైనా మంచిది’ అని చేర్చి మరో రెండు గ్రూపులకు పంపాను. మెసేజ్ నిజమో కాదో మాత్రం దిద్దలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ముఠాలో అందరికంటే చిన్నవాడు, పాతికేళ్లుంటాయేమో, అంగన్‌వాడీ గోడ పక్కన నిలబడి ‘దా... దా’ అని కేకేస్తున్నాడు. గోడ అవతల పిల్లలు. మా భాషలో ‘దా’ అంటే రమ్మని. అంత తెలుగు వాడికెవరు నేర్పారు? ఊరి సెంటర్‌కు వెళ్లి, పిల్లల్ని పిలుస్తుంటే నా చెవులతో విన్నానని హోటల్ దగ్గరున్నవాళ్లకు చెప్పాను. చెప్పింది పంతులు కనుక ఎవరూ మళ్లీ అడగలేదు.

నేను అక్కడే చాయ్ తాగి అంగన్‌వాడీ దగ్గరికి వెళ్లేసరికి వాణ్ణి గోడకు ఆనించి పదిహేనుమంది చుట్టుముట్టారు. ఫోన్ లాక్కున్నారు. ఒకతను బెల్టు విప్పి చేతికి చుట్టుకుంటున్నాడు. నాకు అప్పుడు భయమేసింది. మా పక్కింటి దర్జీ, నేను భాయ్ అని పిలిచే మనిషి, గుంపు చివర కనబడితే చెయ్యి పట్టుకుని ముందుకు లాగాను.

“భాయ్, మీవాళ్లే గద, జర అడుగు.”

ఆయన నా చెయ్యి మెల్లగా తీసేశాడు. “మావాళ్లెట్లయితరు సార్? వాళ్లది బంగాల్, నాది మీ పక్కిల్లు.”

సర్వనామాలు ముప్ఫై ఏళ్లు చెప్పాను. ‘మీ’ ఎక్కడ వాడాలో ఆ దర్జీ దగ్గర నేర్చుకున్నాను. అయినా ఆయన ముందుకెళ్లి, ఎవరిని పిలుస్తున్నావని ఉర్దూలో అడిగాడు. వాడు ‘దాదాను’ అన్నాడు.

అంతే, గుంపు దగ్గరికి జరిగింది. దాదా అంటే మా సెంటర్‌లో రౌడీ. ముఠాకు నాయకుడు కూడా ఉన్నాడన్నమాట. భాయ్ ఇంట్లో దాదా అంటే నాయన తండ్రి. ఆయనకూ సందేహమే వచ్చింది. “తాతను తోలుకొచ్చినవా నాట్లకు?” అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. బెల్టు పైకి లేచింది.

అప్పుడే గోడ వెనక నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ముఠామేస్త్రీ బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అతణ్ణి చూడగానే కుర్రవాడు “మేజ్‌దా!” అని ఏడ్చాడు. ఒకే ముక్కు, ఒకే గడ్డం. అన్నదమ్ములని తెలుస్తూనే ఉంది. ‘దా’, ‘దాదా’ రెండూ బెంగాలీలో ‘అన్న’, మేజ్‌దా నడిపన్న. గాలికి ముందు ముక్క ఎగిరిపోయి వెనక ముక్క నా చెవిన పడింది.

నేను సరిగ్గా వినలేదేమో అన్నాను. ఆ ‘ఏమో’ నా పరువు కోసం పెట్టుకున్నది. బెల్టు పట్టుకున్నతను వదల్లేదు.

“సారూ, చెవులతోని విన్ననని మీరే అంటిరి.”

“విన్నది నిజమే. అర్థం నేను పెట్టిన. వాడు వాళ్లన్నను పిలిచిండు. తప్పు నాది.”

బెల్టు దిగింది. ఫోన్ తిరిగిచ్చేటప్పటికి దాని అద్దం పగిలి ఉంది. ఎవరు పగలగొట్టారో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. భాయ్ నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.

నా పొలంలో ఇంకా అరెకరం మిగిలింది. మర్నాడు రారనుకున్నాను, వచ్చారు. అయితే పదకొండుమందే మడిలో దిగారు. పన్నెండోవాడు గట్టు మీద నిలబడి ఊరి దారినీ, నన్నూ చూస్తున్నాడు. నిన్నటిదాకా నేను నిలబడ్డ చోటే.

పది గంటలకు ఇంట్లో చాయ్ పెట్టించి కెటిల్‌లో తీసుకెళ్లాను. మేస్త్రీ గ్లాసు అందుకుని, వాసన చూసి, తిరిగి నాకే ఇచ్చాడు. మీరు తాగండి ముందు, అని హిందీలో, చాలా మర్యాదగా అన్నాడు. మొత్తం తాగాను. అతను నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. నేను పడిపోలేదు. ఇంకాసేపు చూసి, తమ్ముడి గ్లాసులో సగం పోశాడు.